కంకషన్ నుంచి కోలుకుంటున్న టీనేజీ పిల్లలకు వీడియో కాల్‌లో వ్యాయామం: మంచం దిగడం నుంచి మైదానం దాకా

తలకు దెబ్బ తగిలింది. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు, కంకషన్ (దెబ్బ అదురుకు మెదడు పనితీరు కొంతకాలం చెదరడం) అని చెప్పి విశ్రాంతి ఇవ్వమన్నారు. ఇంటికి రాగానే కర్టెన్లు వేసేస్తారు, ఫోను దాచేస్తారు, తలనొప్పి పూర్తిగా పోయేదాకా మంచం దిగనివ్వరు. ప్రేమతోనే చేస్తారు. కానీ వారం గడిచేసరికి నిద్ర వేళలు తప్పుతాయి, ఒంట్లో సత్తువ తగ్గుతుంది, స్నేహితులు దూరమవుతారు, ధ్యాసంతా తలనొప్పి మీదే నిలుస్తుంది. 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో 11 నుంచి 22 ఏళ్ల వాళ్లను రెండు జట్లుగా చేశారు. 5 రోజులు కచ్చితమైన విశ్రాంతి తీసుకోమన్న జట్టు ఒకటి, ఒకటి రెండు రోజుల విశ్రాంతి తర్వాత మెల్లగా పనుల్లో పడమన్న జట్టు ఇంకొకటి. ఎక్కువ లక్షణాలు చెప్పింది, అవి తగ్గడానికి ఎక్కువ రోజులు తీసుకున్నదీ మొదటి జట్టే.

తర్వాత అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయంలో జాన్ లెడ్డీ బృందం ఇంకో అడుగు ముందుకేసింది. ఆటల్లో దెబ్బ తగిలిన టీనేజీ పిల్లల్లో సగం మందికి మితమైన ఏరోబిక్ వ్యాయామం (నడక, సైకిల్ లాంటి గుండె వేగం పెంచే వ్యాయామం), మిగతా సగానికి ఒళ్లు సాగదీసే తేలికపాటి వ్యాయామాలు ఇచ్చి చూశారు. 2019 అధ్యయనంలో మొదటివాళ్లు సుమారు 13 రోజుల్లో కోలుకుంటే రెండోవాళ్లకు 17 రోజులు పట్టింది. 2021లో మళ్లీ చేస్తే 14, 19 రోజులు వచ్చాయి. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ నిపుణుల సమావేశం కూడా ఇదే మాట చెప్పింది: మొదటి 24 నుంచి 48 గంటలు కాస్త నెమ్మదిగా ఉండాలి, ఆ తర్వాత కదలాలి.

ఈ వ్యాయామాన్ని దూరం నుంచి నడిపించడం ఎలాగో ఇక్కడ వివరంగా చెబుతున్నాను. తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను, వీడియోలో పిల్లల్ని చూసే ఫిజియోథెరపిస్టులకూ పనికొస్తుంది. సియాటిల్ చిల్డ్రన్స్ ఆసుపత్రిలో సారా క్రిస్మన్ బృందం 11 నుంచి 18 ఏళ్ల పిల్లలకు వారం వారం వీడియో కాల్, చేతికి ఫిట్‌నెస్ బ్యాండ్ పెట్టి ఇలాంటి పద్ధతినే పరీక్షకు పెట్టింది. వెలుతురు, చప్పుడు, ప్రయాణం పడని పిల్లలను ప్రతి సెషన్‌కూ కారులో తీసుకెళ్లడం వాళ్లను ఇంకాస్త కుంగదీస్తుంది. పైగా అసలు వ్యాయామం జరిగేది ఇంట్లో, రోజూ. ఈ పద్ధతిలో అన్నిటికంటే ముఖ్యమైన పరికరం, తలనొప్పి లాంటి లక్షణాలు ఎంతున్నాయో 0 నుంచి 10 లోపు పిల్లలు తమ నోటితో చెప్పే అంకె. అది నిజమైన అంకె అయితే మిగతావన్నీ సర్దుకుంటాయి.

వ్యాయామంతో ఎందుకు తగ్గుతుంది

కంకషన్ తర్వాత మెదడు కణాల్లో లవణాల సమతూకం చెదురుతుంది, దాన్ని సరిచేసుకోవడానికి కణాలకు మామూలుకంటే ఎక్కువ శక్తి కావాలి. మరోపక్క గుండె వేగాన్నీ, మెదడుకు వెళ్లే రక్తాన్నీ మనం తలుచుకోకుండానే సర్దే స్వయంచాలక నాడీ వ్యవస్థ కాస్త పట్టు తప్పుతుంది. అందుకే కొందరు పిల్లలకు కూర్చుంటే బాగానే ఉంటుంది, మెట్లెక్కితే తల పగిలిపోతున్నట్టు ఉంటుంది. గుండె వేగం, అంటే నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుందో ఆ లెక్క, ఒకానొక అంకె దాటగానే లక్షణాలు పైకి లేస్తాయి. ఆ అంకెను హద్దు అందాం. రోజూ హద్దుకు కాస్త కిందే పనిచేస్తే ఆ వ్యవస్థ తిరిగి గాడిలో పడుతుందనేది ఇప్పుడు చాలామంది ఒప్పుకునే వివరణ. హద్దుకు మరీ కింద ఉంటే ఫలితం ఉండదు, పదేపదే పైకి వెళ్తే లక్షణాలు రేగుతాయి. అందుకే ఇక్కడ వ్యాయామానికి మందులాగే మోతాదు ఉంటుంది.

మొదటి అడుగు: ఒక్కసారైనా డాక్టరు ముఖాముఖి చూడాలి

దీన్ని మాత్రం వీడియోతో సరిపెట్టకూడదు. స్కానింగ్‌లో ఏమీ లేదంటే రక్తస్రావం, ఎముక విరగడం లేవని మాత్రమే అర్థం. కంకషన్ స్కానింగ్‌లో కనిపించదు. డాక్టరు మెడ, కళ్ల కదలిక, నిలకడ, చేతులు కాళ్ల బలం చూడాలి. గుండె జబ్బు, ఉబ్బసం, మూర్ఛ, మైగ్రేన్, ఇప్పుడు వాడుతున్న మందులు అడగాలి. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ వర్గం మందులు వాడుతుంటే గుండె వేగం ఆధారంగా లెక్క వేయడం కుదరదు.

ఈ కింది వాటిలో ఏది కనిపించినా వ్యాయామం ఊసే వద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి: అంతకంతకూ పెరిగే తలనొప్పి, వాంతులు, ఫిట్స్, ఒకటి రెండుగా కనిపించడం, చేతుల్లోగాని కాళ్లల్లోగాని బలహీనత లేదా తిమ్మిరి, మెడ ఎముక మీద నొప్పి, స్పృహ తప్పడం, మగత పెరగడం, అర్థం లేని చికాకు, తికమక. ఈ జాబితాను ఫ్రిజ్ మీద అంటించండి. మొదటి రెండు రోజులే కాదు, చికిత్స సాగినన్నాళ్లూ అక్కడే ఉండనివ్వండి.

నిలబడితేనే తూలిపోయే పిల్లలకు, సెషన్ సమయంలో పెద్దవాళ్లెవరూ ఇంట్లో ఉండలేని పిల్లలకు దూరం నుంచి మొదలుపెట్టకపోవడమే మంచిది.

రెండో అడుగు: మొదటి 48 గంటలు

మంచానికి కట్టేయకండి. ఇంట్లో తిరగడం, స్నానం, తేలికపాటి పనులు, మెల్లటి నడక చేయవచ్చు. ఫోను, టీవీ, కంప్యూటర్ ఈ రెండు రోజులు బాగా తగ్గించాలి. ఆ తర్వాత కూడా పూర్తిగా లాక్కోవలసిన పని లేదు, లక్షణాలు పెరగనంతవరకు చూడనివ్వవచ్చు. రాత్రి పడుకునే వేళ, పొద్దున లేచే వేళ ఇప్పుడే ఖాయం చేయండి. పగలు గంటల తరబడి నిద్రపోనిస్తే రాత్రి నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే మర్నాటి తలనొప్పి స్కోరును నమ్మలేం.

మూడో అడుగు: గది, కెమెరా, వాచీ

మొదటి కాల్‌లో వ్యాయామం ఉండదు, ఏర్పాట్లే. కెమెరాలో తల నుంచి పాదాల దాకా కనిపించాలి. ముఖం మీద వెలుతురు పడాలి, కళ్లలోకి కాదు. కింద చాప మడతలు, వైర్లు, పెంపుడు జంతువులు లేకుండా చూడాలి. పక్కన చేతికందే దూరంలో గోడ లేదా బరువైన కుర్చీ, మంచినీళ్లు ఉండాలి.

ఫిజియోథెరపిస్టు ప్రతి సెషన్ మొదట్లో మూడు ప్రశ్నలు అడగాలి: ఇప్పుడు మీరు ఏ చిరునామాలో ఉన్నారు, ఇంట్లో పెద్దవాళ్లెవరున్నారు, కాల్ తెగిపోతే ఏ నంబరుకు చేయాలి. పిల్లలు ఒక రోజు అమ్మమ్మ ఇంటి నుంచి కాల్‌లోకి వస్తారు. అంబులెన్సు పాత చిరునామాకు వెళ్తే ప్రయోజనం ఉండదు. అందుకే రాసిపెట్టుకున్న చిరునామా ఉన్నా సరే, ప్రతిసారీ అడగాల్సిందే.

గుండె వేగానికి ఛాతీకి కట్టే బెల్టు అన్నిటికంటే నమ్మకమైనది. స్మార్ట్‌వాచీ అయితే మణికట్టు ఎముకకు ఒక వేలు పైన, కదలకుండా బిగుతుగా కట్టాలి. వాచీలు కొన్నిసార్లు గుండె కొట్టుకోవడానికి బదులు అడుగుల లయను లెక్కపెట్టేస్తాయి. ఉన్నట్టుండి 165 అని చూపిస్తుంటే, పిల్లవాడు మాత్రం హాయిగా మాట్లాడుతుంటే, వాచీని నమ్మకండి. నిలబెట్టి, మణికట్టు దగ్గర నాడి 15 సెకన్లు లెక్కపెట్టి 4తో గుణించండి. మెడ దగ్గర చూడాల్సి వస్తే ఒక పక్కనే, మెత్తగా పట్టుకోవాలి. ఈ పని పిల్లలకూ ఒక పెద్దకూ మొదటి రోజే నేర్పాలి.

నాలుగో అడుగు: హద్దు కనుక్కోవడం

క్లినిక్‌లో బఫెలో ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకునే వీలుంటే అదే మేలు. చురుకైన నడక వేగం ఒకటే ఉంచి నిమిషానికి 1 శాతం చొప్పున వాలు పెంచుతూ పోతారు. ప్రతి నిమిషం గుండె వేగం, లక్షణాల స్కోరు, ఎంత శ్రమగా ఉందో అడుగుతారు. లక్షణాలు స్పష్టంగా పెరిగిన చోట గుండె వేగమే హద్దు. హద్దు 150 అయితే రోజువారీ వ్యాయామం దానిలో 80 నుంచి 90 శాతం, అంటే 120 నుంచి 135 మధ్య ఉంటుంది. మొదట 120 దగ్గర మొదలుపెడతారు.

పరీక్షకు వీలు లేనప్పుడు మరీ తక్కువ నుంచి మొదలుపెట్టి ఎక్కుతూ పోవాలి. 220 నుంచి వయసు తీసేస్తే గరిష్ఠ గుండె వేగం ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 15 ఏళ్ల పిల్లవాడికి 205. అందులో 55 శాతం, అంటే దాదాపు 113, మొదటి మెట్టు. అక్కడ ఇబ్బంది లేకపోతే 70 శాతం, అంటే దాదాపు 144 వైపు మెల్లగా వెళ్లవచ్చు. ఇది లెక్కతో వచ్చిన అంచనా మాత్రమే, ఆ పిల్లవాడి అసలు హద్దు వేరుగా ఉండవచ్చు.

వీడియోలో చేసేటప్పుడు నేను వాడే వరుస ఇది. రెండు నిమిషాలు కూర్చుని గుండె వేగం, 0 నుంచి 10 వరకు లక్షణాల స్కోరు నమోదు. తర్వాత రెండు నిమిషాలు ఉన్నచోటే మెల్లటి నడక, రెండు నిమిషాలు మోకాళ్లు ఎత్తుతూ నడక, రెండు నిమిషాలు తక్కువ ఎత్తు మెట్టు ఎక్కి దిగడం, ఆపైన అదే కాస్త వేగంగా. ఇంట్లో స్టేషనరీ సైకిల్ ఉంటే అన్నీ వదిలేసి అదే వాడతాను. తల తక్కువ కదులుతుంది కాబట్టి కళ్లు తిరిగే పిల్లలకు అది చాలా నయం. పెద్దవాళ్లొకరు చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో నిలబడాలి.

స్కోరు మొదటికంటే 2 పాయింట్లకు మించి పెరిగితే ఆపేయాలి. ఛాతీ నొప్పి, తూలడం, చూపు మసకబారడం, మాట తడబడడం వస్తే స్కోరు ఎంతని అడగకుండానే ఆపేయాలి. ఇవేవీ లేకపోయినా "చాలా కష్టంగా ఉంది" అనే దాకా వీడియోలో నేను తీసుకెళ్లను. "కాస్త కష్టం" దగ్గర ఆపితే పని మొదలుపెట్టడానికి కావలసింది దొరుకుతుంది.

ఫిజియోథెరపిస్టు కళ్లు అంకెల మీదే ఉండకూడదు. మెట్టు ఎక్కుతున్న అమ్మాయిని "ఇప్పుడెంతమ్మా?" అని అడుగుతాం. "మూడు" అంటుంది, కానీ ఆ జవాబు ఇంతకుముందుకంటే ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది. పెదవుల చుట్టూ రంగు తగ్గి ఉంటుంది, కనురెప్పలు గబగబా కొట్టుకుంటాయి, ఎడమ చెయ్యి గోడ కోసం వెతుక్కుంటూ ఉంటుంది. ఆ అమ్మాయి స్కోరు మూడు కాదు. ఆపి, కూర్చోబెట్టి, ఒక నిమిషం తర్వాత మళ్లీ అడిగితే "ఆరు అనుకుంటా" అంటుంది.

అయిదో అడుగు: రోజువారీ సెషన్

రోజుకు ఒకసారి, వీలైతే ఒకే వేళకు. స్కూలు నుంచి అలసిపోయి వచ్చిన వెంటనే కాకుండా కాస్త కోలుకున్నాక. 5 నిమిషాలు ఒళ్లు వేడెక్కే నడక, ఆ తర్వాత 20 నిమిషాలు లక్ష్యంగా పెట్టుకున్న గుండె వేగం దగ్గర, చివర్లో 5 నిమిషాలు మెల్లగా తగ్గిస్తూ. మొదటి రోజు 20 నిమిషాలు కుదరకపోతే 10 చాలు. నడక, సైకిల్, మెట్టు, ఏదైనా ఫర్వాలేదు. పరుగు, గెంతులు, తల గబుక్కున వంచేవి ఇప్పుడే వద్దు. బంతి, పోటీ, ఎత్తు, రోడ్డు మీద సైకిల్ అసలే వద్దు. తలకు రెండో దెబ్బ తగిలే అవకాశం ఉన్న ఏ పనీ ఈ దశలో ఉండకూడదు.

వ్యాయామానికి ముందు తలనొప్పి మాత్ర వేసి పంపకండి. మాత్ర లక్షణాన్ని కప్పేస్తుంది, హద్దు దాటినా తెలియదు. వారంలో చాలా రోజులు నొప్పి మాత్రలు వేసుకుంటుంటే ఆ మాత్రల వల్లే తలనొప్పి నిలిచిపోవచ్చు. డాక్టరుకు చెప్పండి.

స్కోరు నాలుగుసార్లు రాయాలి: ముందు, మధ్యలో, అయిపోగానే, గంట తర్వాత. నాలుగోది చాలామంది వదిలేస్తారు, నిర్ణయం మాత్రం దాని మీదే ఆధారపడుతుంది. ఉదాహరణకు ఒక రోజు చార్టు ఇలా ఉంటుంది: ముందు 2, పదో నిమిషంలో 3, అయిపోగానే 4, గంట తర్వాత 2. ఇది మంచి రోజు. లక్షణాలు 2 పాయింట్లకు మించకుండా పెరిగి, గంటలోపు మొదటికి వచ్చాయి. ఈ మాత్రం పెరుగుదలకు భయపడనవసరం లేదు, మెదడుకు కొత్తగా దెబ్బేమీ తగల్లేదు. అదే గంట తర్వాత కూడా 4 దగ్గరే ఉంటే మర్నాడు గుండె వేగం లక్ష్యాన్ని 5 నుంచి 10 అంకెల మేర తగ్గించాలి. మధ్యలోనే 5కి వెళ్తే ఆ రోజుకు ఆపేయాలి, మర్నాడు తగ్గించి మళ్లీ మొదలుపెట్టాలి. ఆపడమంటే ఆ రోజుకే, వారం పాటు కాదు. ఒక్క చెడ్డ రోజు చూసి మళ్లీ కర్టెన్లు వేసేసే ఇళ్లలో కోలుకోవడం ఆలస్యమవుతుంది.

ఆరో అడుగు: వారం వారం కాల్, నిజమైన అంకె

వారం చార్టు ముందు పెట్టుకుని చూడాలి. నాలుగైదు రోజులు ఇబ్బంది లేకుండా గడిస్తే గుండె వేగం లక్ష్యాన్ని 5 నుంచి 10 అంకెల మేర పెంచవచ్చు. నిడివి, వేగం రెండూ ఒకేసారి పెంచకండి, తేడా వస్తే దేనివల్లో తెలియదు. క్లినిక్‌లో పరీక్ష మళ్లీ చేసే వీలుంటే అప్పుడప్పుడు హద్దు ఎంత జరిగిందో చూసుకోవాలి.

పిల్లలు అంకెను రెండు వైపులా మారుస్తారు. టోర్నమెంటు దగ్గర పడుతున్న ఆటగాడు ప్రతిదానికీ "ఒకటి" అంటాడు. మళ్లీ దెబ్బ తగులుతుందేమో అని బెదిరిన పిల్ల మొదటి నిమిషంలోనే "అయిదు" అంటుంది. ఇద్దరినీ తిట్టకూడదు. మొదటివాడికి ఎక్కువ అంకె చెబితే ఆట దూరమవుతుందనే భయం. మోతాదు సరిగ్గా పడితే ఆటకు దారి దగ్గరవుతుందని, తప్పుడు అంకె మీద కట్టిన మోతాదు వెనక్కి లాగుతుందని అతనికి తన చార్టులోనే చూపించాలి. రెండో అమ్మాయికి తక్కువ మోతాదు ఇచ్చి, అది తట్టుకోగలదని తన కళ్లతోనే చూడనివ్వాలి.

కాల్‌లో కొంతసేపు పిల్లలతో విడిగా మాట్లాడాలి. అమ్మానాన్నలు పక్కనుంటే నిద్ర పట్టడం లేదని, ఏడుపొస్తోందని, క్లాసులో చదివింది బుర్రకెక్కడం లేదని చాలామంది చెప్పరు. తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే: అంకె చెప్పేటప్పుడు వాళ్ల ముఖంలోకి చూసి "నిన్నటికంటే తగ్గిందా?" అని ఆశగా అడగకండి. ఆ ఆశ చూసి పిల్లలు అంకె తగ్గించేస్తారు. పిల్లలతోనే రాయించండి, తర్వాత చూడండి.

స్కూలు సంగతి కూడా ఈ కాల్‌లోనే మాట్లాడాలి. ఆటకంటే ముందు చదువు. సగం రోజుతో మొదలుపెట్టడం, మధ్యలో విరామాలు, పరీక్షలకు అదనపు సమయం లాంటి వెసులుబాట్లకు డాక్టరు చేత ఉత్తరం రాయించండి.

ఏడో అడుగు: తగ్గకపోతే

ఎక్కువమంది పిల్లలు నాలుగు వారాల్లోపు కోలుకుంటారు. అది దాటినా లక్షణాలుంటే, లేదా వ్యాయామంలో స్కోరు పెరగకపోయినా తల తిప్పితే, చదివితే పెరుగుతుంటే, కారణం గుండె వేగం దగ్గర మాత్రమే ఉండకపోవచ్చు. మెడ కండరాలు, లోపలి చెవి నుంచి వచ్చే నిలకడ వ్యవస్థ, కళ్ల సమన్వయం, మైగ్రేన్, ఆందోళన, వీటిలో ఏదో ఒకటి విడిగా చూడాల్సి ఉంటుంది. 2014లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో మెడకూ నిలకడకూ కలిపి ఫిజియోథెరపీ చేసిన వాళ్లలో 73 శాతం మంది 8 వారాల్లో ఆటకు అనుమతి పొందారు, మామూలు పద్ధతిలో ఉన్నవాళ్లలో 7 శాతమే. ఈ పరీక్షలకు చేత్తో తాకి చూడాలి, కాబట్టి ముఖాముఖి పంపించండి. బాగా కుంగిపోయినట్టు, బతకాలని లేనట్టు మాట్లాడితే వారం కాల్ దాకా ఆగకండి, అదే రోజు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

ఎనిమిదో అడుగు: తిరిగి ఆటలోకి

మెట్లు ఆరు: లక్షణాలు పెరగనంత రోజువారీ పనులు, ఏరోబిక్ వ్యాయామం, ఒంటరిగా ఆటకు సంబంధించిన కసరత్తు, ఒకరినొకరు తాకని జట్టు శిక్షణ, పూర్తి శిక్షణ, పోటీ. ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు. మొదటి మూడు ఇంటి నుంచి వీడియోలో నడిపించవచ్చు. మూడో మెట్టులో పరుగు, దిశ మార్చడం మొదలవుతాయి. తలకు దెబ్బ తగిలే వీలున్న కసరత్తు ఏదైనా ఉంటే దానికి ముందు డాక్టరు అనుమతి కావాలి.

నాలుగో మెట్టు ఎక్కాలంటే లక్షణాలన్నీ పోయి ఉండాలి. విశ్రాంతిలోనే కాదు, గట్టిగా శ్రమ చేసినప్పుడూ, చేశాకా రాకూడదు. స్కూల్లో వెసులుబాట్లు లేకుండా పూర్తి రోజు కూర్చోగలగాలి. నాలుగు, అయిదు, ఆరు మెట్లలో ఎక్కడ లక్షణాలు తిరిగి వచ్చినా మూడో మెట్టుకు దిగి, అవి పూర్తిగా పోయాకే మళ్లీ పైకి ఎక్కాలి. చార్టులన్నీ డాక్టరుకు, కోచ్‌కు పంపించండి. ఆటకు అనుమతిచ్చే పరీక్ష మాత్రం కెమెరా ముందు కాదు, డాక్టరు ఎదురుగా జరగాలి.